జాక్2 పాజిటివ్ వచ్చింది, మరి మందు ఏది? హైడ్రాక్సీయూరియానా, ఇంటర్‌ఫెరానా, రుక్సోలిటినిబా

2022 మే నెల, విజయవాడ సూర్యారావుపేటలో ఒక రక్తం డాక్టర్ గారి ఓపీ బయట బెంచీ. ఒక పక్క మా నాన్న, గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళుగా గుమాస్తా, అప్పటికి 62 ఏళ్ళు. పక్కన పటమట నుంచి వచ్చిన 34 ఏళ్ళ అమ్మాయి, ఆ పక్కన తెనాలి లెక్కల మాస్టారు, 59. ముగ్గురి ఫైళ్ళలోనూ ఒకటే లైను, జాక్2 వీ617ఎఫ్ పాజిటివ్ అని, అంటే రక్తం తయారుచేసే కణాల్లో జాక్2 అనే జీన్ మారిందని. టోకెన్ నంబరు ఎంతకీ కదలదు, ఖాళీగా కూర్చుని ఏం చేస్తాం, ఫైళ్ళు మార్చుకుని చదువుకున్నాం, అందరిదీ ఒకటే జబ్బు అని తేల్చేసుకున్నాం, మీకు ఏం రాస్తే మాకూ అదే రాస్తారు లెండి అని కూడా అనుకున్నాం. గంటన్నర తర్వాత ముగ్గురం మూడు రకాల చీటీలతో బయటికొచ్చాం. నాన్నకి రక్తం తీయించుకోమని, ఎకోస్ప్రిన్ 75 (అంటే ఆస్పిరిన్), దాంతో పాటు ఒక క్యాప్సూల్. ఆ అమ్మాయికి ఎకోస్ప్రిన్ ఒక్కటే, మూణ్ణెల్ల తర్వాత రమ్మన్నారు. మాస్టారికి మాత్రం వేలూరు సీఎంసీ ఆస్పత్రికి వెళ్ళి ట్రాన్స్‌ప్లాంట్ (మూలుగ మార్పిడి) సంగతి మాట్లాడి రమ్మన్నారు.

అప్పటి నుంచి ఈ జబ్బుల గురించి చదవడం, అడగడం నాకు అలవాటైపోయింది. నాకు అర్థమైంది చెప్పాలంటే జాక్2 అనేది ఇంటిపేరు లాంటిది. ఇంటిపేరు వింటే ఏ వైపు చుట్టాలో తెలుస్తుంది గానీ మనిషి ఎలాంటివాడో తెలియదు కదా. నాన్నది పాలీసైథీమియా వెరా, ఎర్రకణాలు అదుపు లేకుండా పెరిగి రక్తం చిక్కబడడం. ఆ అమ్మాయిది ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియా, అందులో ప్లేట్‌లెట్స్ పెరుగుతాయి. మాస్టారిది మైలోఫైబ్రోసిస్, ఎముక మూలుగ గట్టిపడి నారలాగా అయిపోయి అక్కడ రక్తం తయారవడమే తగ్గిపోతుంది. పేర్లకి నోరు తిరగదు కాబట్టి ఓపీలో అందరూ పీవీ, ఈటీ, ఎంఎఫ్ అనేస్తారు, నేనూ అలాగే రాస్తా. 2005లో ఈ జాక్2 మార్పు బయటపడింది, పీవీ వాళ్ళలో నూటికి 95 మందికి పైనే ఉంటుంది, ఈటీలోనూ ఎంఎఫ్‌లోనూ సగానికి కాస్త పైన. మిగిలినవాళ్ళలో ఎక్కువమందికి కాల్ఆర్ అనే జీన్‌లో మార్పు, అది 2013లో తెలిసింది, కొద్దిమందికి ఎంపీఎల్. కొందరికి ఈ మూడూ ఉండవు, అలాంటి రిపోర్టుని ట్రిపుల్ నెగెటివ్ అంటారు, నెగెటివ్ అని చూసి హమ్మయ్య అనుకోవద్దు, ఎంఎఫ్‌లో అది మంచి వార్త కాదు. ఇంకోటి, ఇది పుట్టుకతో వచ్చే మార్పు కాదు, మధ్యలో మూలుగలోని ఒక కణంలో పుట్టింది, కాబట్టి ఇంట్లో పిల్లలందరికీ టెస్టులు చేయించి భయపెట్టాల్సిన పని లేదు. మా అత్త అయితే చెల్లి పెళ్ళి సంబంధానికి ఇది అడ్డు అవుతుందేమో అని గోల గోల చేసింది.

మందుల పోలికలోకి వెళ్ళే ముందు ఒక టెస్టు గురించి చెప్పాలి, బీసీఆర్-ఏబీఎల్. తెల్లకణాలో ప్లేట్‌లెట్సో పెరిగి కనపడితే మొదట తేల్చాల్సింది ఇదే, ఎందుకంటే ఇది పాజిటివ్ అయితే జబ్బు సీఎంఎల్ అనే ఒక రకం రక్త క్యాన్సర్, అక్కడ జాక్2 లెక్కలేవీ పనికిరావు, జీనే మందుని చెప్పేస్తుంది. 9వ క్రోమోజోమ్ ముక్క, 22వ క్రోమోజోమ్ ముక్క ఒకదాని చోటికి ఒకటి మారిపోయి పుట్టే జీన్ అది, దానికి సరిగ్గా సరిపోయే బిళ్ళ ఇమాటినిబ్, అమెరికాలో 2001లో వచ్చింది. మామూలుగా రోజుకి 400 మిల్లీగ్రాములు. మొదట్లో దాన్ని వాడినవాళ్ళని పదేళ్ళపాటు గమనిస్తే నూటికి 83 మంది బతికే ఉన్నారు, అంతకు ముందు రోజుల్లో ఆ జబ్బంటే కొన్నేళ్ళే. అప్పట్లో కంపెనీ మందు ధర మన బోటివాళ్ళు అందుకునేది కాదు, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ పేటెంట్ కుదరదని చెప్పింది, మన దేశంలో జనరిక్ చేసిన కంపెనీల్లో నాట్కో ఒకటి, దాన్ని పెట్టినాయన మన గుంటూరు జిల్లా మనిషే. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ సెంటర్ కట్టింది కూడా వాళ్ళే. సీఎంఎల్‌లో డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా ఉన్నాయి, అవి ఇంకాస్త త్వరగా పని చేస్తాయి, కానీ డాసాటినిబ్‌తో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరొచ్చు, నిలోటినిబ్ పరగడుపున రెండు పూటలా వేసుకోవాలి, షుగరు, గుండె సమస్య ఉన్నవాళ్ళకి అంత మంచిది కాదు. వయసు మళ్ళినవాళ్ళకి, జబ్బు తొలి దశలోనే దొరికినవాళ్ళకి ఇమాటినిబ్‌తో మొదలుపెడితే తప్పేం లేదని నా అభిప్రాయం, కాకపోతే మూణ్ణెల్లకోసారి పీసీఆర్, అంటే ఆ జీన్ రక్తంలో ఇంకా ఎంత ఉందో కొలిచే టెస్టు, మాత్రం ఎగ్గొట్టకూడదు. మందు సరిగా పని చేస్తుందో లేదో చెప్పేది ఆ కాగితమే, ఒంట్లో బాగానే ఉంది కదా అనేది లెక్కలోకి రాదు.

ఇలాంటిదే ఇంకొకటి, అరుదు గానీ తెలుసుకోవాలి. ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయి, నులిపురుగుల బిళ్ళలు వాడినా, అలర్జీ బిళ్ళలు వాడినా తగ్గకపోతే పీడీజీఎఫ్ఆర్ఏ అనే జీన్ టెస్టు చేస్తారు, అది ఉంటే అదే ఇమాటినిబ్ రోజుకి 100 మిల్లీగ్రాములే, చాలామందికి వారాల్లోనే కౌంట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. అంటే కొన్నిచోట్ల జీన్ పేరు దొరికితే మందు దొరికినట్టే. జాక్2 ఇంట్లో మాత్రం అలా కాదు, అక్కడ వయసు, ఇదివరకు ఎక్కడైనా రక్తం గడ్డ కట్టిందా లేదా, స్ప్లీన్ (ప్లీహం) ఎంత పెరిగింది, ఒంట్లో బాధలు ఏంటి, ఇవన్నీ కలిపి మందు తేలుస్తారు.

నాన్న సంగతికి వస్తా. రెండేళ్ళపాటు స్నానం చేసిన ప్రతిసారీ ఒళ్ళంతా దురద, దద్దుర్లు ఏమీ ఉండవు, గంటసేపు గోక్కునేవాడు. అరచేతులు, అరికాళ్ళు భగభగ మంట. మొహం, కళ్ళు ఎర్రగా. మిర్చి యార్డులో పనిచేసేవాడికి ఇవి ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు, రోజంతా మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య తిరుగుతాడు కదా మిర్చి ఘాటే అనుకున్నాం. ఒక చర్మం డాక్టర్ రెండేళ్ళు అలర్జీ బిళ్ళలు ఇచ్చారు తప్ప ఒక్కసారి సీబీపీ రాయలేదు, నీరసం అంటే మా వీధి చివర మెడికల్ షాపతను ఐరన్ టానిక్ ఇచ్చాడు, పీవీ ఉన్న మనిషికి డాక్టర్ చెప్పకుండా ఐరన్ ఇవ్వడం అంటే పొయ్యిలో ఇంకో కట్టె పెట్టడమే. చివరికి వేరే పనికి చేయించిన సీబీపీలో హిమోగ్లోబిన్ 19.2, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 58, తెల్లకణాలు 14 వేలు, ప్లేట్‌లెట్స్ 5 లక్షల 60 వేలు. ల్యాబ్ అతను మిషన్ తప్పేమో అని రెండోసారి రక్తం తీశాడు. మగవాళ్ళకి హిమోగ్లోబిన్ 16.5, పీసీవీ 49 దాటితేనే పీవీ అనుమానించాలి, ఆడవాళ్ళకి 16, 48. మన ఇళ్ళల్లో హిమోగ్లోబిన్ ఎక్కువుంటే ఒంట్లో రక్తం బాగా పట్టింది అని సంబరపడతారు, తక్కువుంటేనే భయపడతారు, అదే అసలు తంటా.

టెస్టుల్లో ఏది తప్పదు ఏది ఆగొచ్చు అంటే, జాక్2, ఎరిత్రోపోయెటిన్ (ఎర్రకణాలు తయారు చేయమని చెప్పే హార్మోన్) లెవెల్, కడుపు స్కాన్, ఈ మూడూ నాన్నకి మొదటి వారంలోనే అయిపోయాయి. బోన్ మ్యారో గురించి ఇంట్లో పెద్ద చర్చ, నడుము ఎముకలో సూది అంటే అమ్మ ఒప్పుకోలేదు. హిమోగ్లోబిన్ 18.5 దాటి, జాక్2 ఉండి, ఎరిత్రోపోయెటిన్ తక్కువున్న మగవాళ్ళకి అది లేకుండా కూడా పీవీ అని చెప్పొచ్చు. అయినా నాన్నకి చేయించాం, మూలుగలో నార ఇప్పటికే ఎంత ఉందో కాగితం మీద ఉంటే పదేళ్ళ తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుందని డాక్టర్ గారు అన్నారు, పదిహేను నిమిషాల పని, నాన్న ఆ సాయంత్రమే బస్సెక్కి గుంటూరు వచ్చేశాడు. ఈటీ అనుకున్నవాళ్ళు మాత్రం బోన్ మ్యారోకి వెనకాడకండి, ఎందుకంటే మైలోఫైబ్రోసిస్ తొలి దశ అచ్చం ఈటీలాగే కనపడుతుంది, సీబీపీ చూసి ఆ రెండింటినీ విడదీయలేం, ముందు ముందు అవి నడిచే దారులు మాత్రం వేరు.

ఇక మూడు మందుల సంగతి

పీవీలో ఏ మందు ఎంచుకున్నా కింద ఉండే పునాది ఒకటే, రక్తం తీయించడం, ఆస్పిరిన్. బ్లడ్ బ్యాంకులో ఒకసారికి 350 నుంచి 450 మిల్లీలీటర్లు తీస్తారు, పీసీవీ 45 కిందికి వచ్చేదాకా. ఈ 45 గాల్లోంచి వచ్చిన అంకె కాదు, 2013లో వచ్చిన ఒక ఇటలీ అధ్యయనంలో 45 కింద ఉంచినవాళ్ళతో పోలిస్తే 45 నుంచి 50 మధ్య వదిలేసినవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి, వాటితో చనిపోవడం నాలుగు రెట్లు ఎక్కువ కనపడింది. అందుకే ల్యాబ్ కాగితంలో 48 పక్కన నార్మల్ అని ఉన్నా పీవీ మనిషికి అది నార్మల్ కాదు. మన గుంటూరు ఎండల్లో అయితే నీళ్ళు తాగకపోతే ఇంకా పైకి పోతుంది, నాన్న ఏప్రిల్, మే పీసీవీలు చూస్తే ప్రతి ఏడూ ఒకటి రెండు పాయింట్లు ఎక్కువే. 60 దాటినవాళ్ళకి గానీ, ఇదివరకు ఎక్కడైనా గడ్డ కట్టినవాళ్ళకి గానీ ఈ పునాది చాలదు, కౌంట్ తగ్గించే మందు కూడా కావాలి, నాన్న 62 కాబట్టి ఆ లెక్కలో పడ్డాడు.

హైడ్రాక్సీయూరియా పాత మందు, 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్, ధర తక్కువ, గుంటూరులో కొత్తపేట మందుల షాపుల్లో మామూలుగా దొరుకుతుంది. పని చేస్తుందా అంటే చేస్తుంది, వారాల్లో కౌంట్ దిగుతుంది, మొదట్లో రెండు వారాలకోసారి సీబీపీ చూసుకుంటూ డోసు సర్దాలి. గోళ్ళు నల్లబడతాయి, నోట్లో పుళ్ళు రావొచ్చు, చర్మం పొడిబారుతుంది, కొందరికి చీలమండ దగ్గర మానని పుండు పడుతుంది, ఏళ్ళ తరబడి వాడితే చర్మ క్యాన్సర్ రిస్క్ కొంత ఉంది కాబట్టి ఎండలో టోపీ, పూర్తి చేతుల చొక్కా తప్పదు. ఇంకో చిన్న సంగతి, ఇది వాడితే సీబీపీలో ఎంసీవీ (ఎర్రకణం సైజు) 110 దాకా పెరుగుతుంది, ఊళ్ళో వేరే డాక్టర్ చూసి బీ12 తక్కువుందేమో అని ఇంజెక్షన్లు మొదలుపెడతారు, కంగారు పడొద్దు, అది మందు వల్లే. పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్ళకి, మగవాళ్ళకి ఇది సరిపడదు. క్యాప్సూల్‌ని ఇంట్లో ఇంకెవరూ విప్పకూడదు, పొడి చేతికి తగలకూడదు, మా అమ్మ మింగడం కష్టమని విప్పి పెరుగన్నంలో కలపబోతే ఆపాం.

ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, పెగ్ రకం అయితే వారానికి ఒకటి, రోపెగ్ అనే కొత్త రకం రెండు వారాలకి ఒకటి, దీనికి యూరప్‌లో 2019లో, అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. దీని గొప్పతనం ఏంటంటే కౌంట్ తగ్గించడంతో ఆగదు, ఏళ్ళు వాడితే ఆ జాక్2 ఉన్న కణాల శాతమే చాలామందిలో తగ్గుతూ వస్తుంది, హైడ్రాక్సీయూరియా ఆ పని అంతగా చేయదు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ మూడింట్లో వాడదగ్గది ఇదొక్కటే. కానీ మొదటి నెలలు జ్వరం వచ్చినట్టు ఒళ్ళు నొప్పులు, థైరాయిడ్ గతి తప్పడం, లివర్ ఎంజైములు పెరగడం, అన్నిటికంటే ముఖ్యంగా మనసు కుంగిపోవడం ఉండొచ్చు. డిప్రెషన్ ఇదివరకే ఉన్నవాళ్ళు ఆ మాట సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పాలి, మనవాళ్ళు అది తప్ప అన్నీ చెప్తారు. ఫలితం నెమ్మది, ఆరు నెలలు ఏడాది పడుతుంది, ఖర్చు ఎక్కువ, ఫ్రిజ్ తప్పనిసరి. నా లెక్కలో 50 లోపు వయసు, ముందు పాతికేళ్ళ బతుకు ఉంది అనుకునేవాళ్ళు, డబ్బు కుదిరితే, మొదట అడగాల్సింది దీని గురించే. నాన్నకి కుంగుబాటు పాత చరిత్ర ఉంది, చిన్నాన్న పోయినప్పుడు ఏడాది బిళ్ళలు వాడాడు, అందుకే దీన్ని పక్కన పెట్టి హైడ్రాక్సీయూరియా తీసుకున్నాం.

పద్నాలుగు నెలలు బానే నడిచింది. తర్వాత ఎడమ కాలి చీలమండ దగ్గర చిన్న పుండు, చెప్పు ఒరుసుకుందేమో అనుకున్నాం, షుగరు లేదు, నెల దాటినా మానలేదు, నొప్పికి రాత్రి నిద్ర లేదు. అప్పుడు హైడ్రాక్సీయూరియా ఆపి రుక్సోలిటినిబ్‌కి మారాం. ఇది జాక్ దారినే అడ్డుకునే బిళ్ళ, ఎంఎఫ్‌కి 2011లో, హైడ్రాక్సీయూరియా పడని పీవీ వాళ్ళకి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. జాక్2 లేనివాళ్ళకి పని చేయదేమో అనుకోకండి, కాల్ఆర్ అయినా ఎంపీఎల్ అయినా చివరికి అదే దారిలో పోతాయి కాబట్టి ఎంఎఫ్‌లో వాళ్ళకీ ఇస్తారు. నాన్నకి స్నానం దురద నాలుగు రోజుల్లో పోయింది, నమ్ముతారో లేదో, మూడేళ్ళ దురద. పుండు మానడానికి మాత్రం నెలలు పట్టింది. మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్ బీ టెస్టులు అడిగి మరీ చేయించుకోండి, ఒంట్లో దాక్కున్న టీబీ ఈ మందుతో లేస్తుంది, మన దగ్గర టీబీ తక్కువ కాదు. సర్పి కూడా ఎక్కువమందికి వస్తుంది. రక్తం తగ్గొచ్చు, బరువు పెరుగుతారు, నాన్న ఐదు కిలోలు పెరిగాడు, చుట్టాలందరూ చూసి బాగా కోలుకున్నాడు అంటున్నారు, మేమేమో లిపిడ్ టెస్టులు చేయిస్తున్నాం. అన్నిటికంటే పెద్ద జాగ్రత్త, అయిపోయింది కదా నాలుగు రోజులాగి కొనుక్కుందాం అని ఉన్నట్టుండి ఆపకూడదు, ముఖ్యంగా ఎంఎఫ్‌లో, జ్వరం, స్ప్లీన్ వాపు ఒక్కసారిగా తిరగబడతాయి. ధర కూడా తలుచుకోవాల్సిందే, హైడ్రాక్సీయూరియాతో పోల్చడానికే లేదు. మొదటి రోజే ఇది ఇవ్వండి అని అడగడంలో అర్థం లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, దురద, స్ప్లీన్ బాధ విపరీతంగా ఉంటేనో, మొదటి మందు పడకపోతేనో దీని జోలికి వెళ్ళాలి.

అనాగ్రెలైడ్ అని ఇంకోటి ఉంది, ప్లేట్‌లెట్స్‌ని మాత్రమే తగ్గిస్తుంది, గుండె దడ, తలనొప్పి ఎక్కువ. 2005లో ఈటీ వాళ్ళలో హైడ్రాక్సీయూరియాతో పోల్చి చూస్తే హైడ్రాక్సీయూరియానే మెరుగని తేలింది. రెండో వరస మందు అనుకోండి, అంతే.

ఏమీ వాడకపోవడం కూడా ఒక ఎంపికే

పటమట అమ్మాయికి ప్లేట్‌లెట్స్ 8 లక్షల 40 వేలు. ఇంట్లోవాళ్ళకి నిద్ర లేదు, ఇంత పెద్ద అంకె పెట్టుకుని ఒక్క ఆస్పిరిన్‌తో పంపేస్తారా అని ఇంకో ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరిగారు. కానీ ఈటీలో గడ్డ కట్టే ప్రమాదం ప్లేట్‌లెట్స్ అంకెతో పాటు పెరగదు, మనకి వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ అంతే. వయసు 60 దాటిందా, ముందు గడ్డ కట్టిందా, జాక్2 ఉందా, ఇవీ లెక్క. ఆమెకి జాక్2 ఒక్కటే ఉంది కాబట్టి ఆస్పిరిన్. అదే వయసులో కాల్ఆర్ ఉండి గడ్డ చరిత్ర లేకపోతే ఆస్పిరిన్ కూడా లేకుండా చూస్తూ ఉండొచ్చు, ఎందుకంటే ఆ రకంలో గడ్డ రిస్క్ తక్కువ, ఆస్పిరిన్‌తో రక్తం కారే రిస్కే మిగులుతుంది. పైగా ప్లేట్‌లెట్స్ 10 లక్షలు దాటితే తిరకాసుగా రక్తస్రావం వైపు మొగ్గుతుంది, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఒక ప్రొటీన్‌ని ఆ ప్లేట్‌లెట్సే మింగేస్తాయి, అప్పుడు ఆస్పిరిన్ వేసే ముందు దానికి ఒక టెస్టు ఉంది, వాన్ విల్లెబ్రాండ్ టెస్టు, చేయించమని అడగండి.

గడ్డ అంటే గుండె, మెదడు మాత్రమే అనుకోవద్దు. లివర్ దగ్గరి రక్తనాళాల్లో గడ్డ కట్టి కడుపులో నీరు చేరి వస్తే, తాగుడు అలవాటు లేని మనిషి అయితే మరీ, జాక్2 చూడాలి. సీబీపీ మామూలుగా ఉన్నా సరే.

మాస్టారి సంగతి, బిళ్ళా ట్రాన్స్‌ప్లాంటా

పాతకాలం వాళ్ళు కడుపులో బల్ల అనేవాళ్ళు, పెరిగిన స్ప్లీన్‌ని. మాస్టారికి అది బొడ్డు దాకా వచ్చింది, రెండు ముద్దలు తింటే కడుపు నిండిపోయేది, రాత్రి చెమటలు, ఆర్నెల్లలో తొమ్మిది కిలోలు తగ్గారు, హిమోగ్లోబిన్ 8.6. ఎంఎఫ్‌లో రుక్సోలిటినిబ్ స్ప్లీన్‌ని తగ్గిస్తుంది, తిండి సహిస్తుంది, నిద్ర పడుతుంది, దాని మీద జరిగిన మొదటి పెద్ద ట్రయల్‌లో ఆరు నెలలకి దాదాపు నూటికి 42 మందిలో స్ప్లీన్ మూడోవంతుకి పైగా తగ్గింది, ఉత్తుత్తి బిళ్ళ వాడినవాళ్ళలో నూటికి ఒక్కరు కూడా లేరు. కానీ మూలుగలో నారని అది చెరిపెయ్యదు, రక్తం తక్కువున్నవాళ్ళకి ఇంకా తగ్గిస్తుంది కూడా. రక్తహీనత పెద్ద సమస్య అయితే మోమెలోటినిబ్ అనేది 2023లో అమెరికాలో వచ్చింది, ప్లేట్‌లెట్స్ 50 వేల కిందికి పడిపోయినవాళ్ళకి పాక్రిటినిబ్, ఇవి మన దగ్గర దొరికే దారి, ధర డాక్టర్‌ని విడిగా అడగాలి.

జబ్బుని పూర్తిగా తుడిచేసే అవకాశం ఉన్నది ట్రాన్స్‌ప్లాంట్ ఒక్కటే. అది చిన్న జూదం కాదు, మొదటి ఏడాదిలోనే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం నిజంగానే ఉంది, అందుకే జబ్బు నెమ్మదిగా ఉన్నవాళ్ళకి తొందరపడి చేయరు, మరీ ముదిరాక చేయలేరు. ఎప్పుడు అనేది తేల్చడానికే ఎన్‌జీఎస్ ప్యానెల్ అనే పెద్ద జీన్ టెస్టు అడుగుతారు. ఖరీదు చూసి ఎందుకు అనిపిస్తుంది, పీవీలో నాన్నకి మేం చేయించలేదు, దానితో మందు మారేది లేదు అప్పటికి. కానీ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోదగ్గ వయసున్న ఎంఎఫ్ మనిషికి అది దండగ కాదు, మాస్టారికి జాక్2తో పాటు ఏఎస్ఎక్స్ఎల్1 కూడా తేలింది, అది ఉంటే జబ్బు జోరు ఎక్కువ, రక్త క్యాన్సర్‌గా మారే భయం ఎక్కువ. ఆ ఒక్క లైనే ఆయన చీటీని వేలూరు వైపు తిప్పింది. తోబుట్టువు ఒక్కొక్కరితో పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు, ఆయనకి ముగ్గురు తమ్ముళ్ళు, మూడోవాడితో కుదిరింది, పదేళ్ళుగా పొలం గట్టు గొడవలో మాటల్లేని తమ్ముడు. వెళ్ళి అడగడానికి మాస్టారికి నెల పట్టింది, అతను మాత్రం ఒక్క పూటలో ఒప్పుకున్నాడు. ఇంట్లో ఎవరూ కుదరకపోతే సగం మ్యాచ్‌తో చేసేవి ఉన్నాయి, చెన్నైలో దాత్రి అనే డోనర్ రిజిస్ట్రీ ఉంది.

రెండు కొమ్మల మధ్య పుట్టినవి

ఇంకో గుంపు ఉంది, ఒక పక్క కణాలు పెరుగుతాయి, ఇంకో పక్క తగ్గుతాయి. ఒకాయన రిపోర్టు చూశాను, ప్లేట్‌లెట్స్ 7 లక్షలు, హిమోగ్లోబిన్ 7.9, జాక్2 ఉంది, దానితో పాటు ఎస్ఎఫ్3బీ1 కూడా. ప్లేట్‌లెట్స్, జాక్2 మాత్రమే చూసినవాళ్ళు ఈటీ అన్నారు, హైడ్రాక్సీయూరియా ఇస్తే హిమోగ్లోబిన్ ఇంకా పడిపోయింది, మూలుగలో ఐరన్ ఉంగరాల్లా పేరుకున్న కణాలు చూశాక అసలు పేరు తెలిసింది, ఎండీఎస్ (మూలుగ కణాల్ని సరిగా తయారు చేయలేని జబ్బు), ఎంపీఎన్ (పీవీ, ఈటీ లాంటి కణాలు పెరిగే జబ్బు) కలగాపులగం రకం. ఇక్కడ మొదట చూడాల్సింది రక్తహీనతని, ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్లో, 2020లో వచ్చిన లుస్పాటర్‌సెప్టో, రక్తం ఎక్కించడమో, కౌంట్ తగ్గించే మందు మరీ అవసరమైతేనే. ఎండీఎస్‌లో 5వ క్రోమోజోమ్ ముక్క పోయిన రకం ఇంకోటి, అందులోనూ కొందరికి జాక్2 కనపడుతుంది, అయినా మందు లెనాలిడోమైడ్, జాక్2ని చూసి దారి తప్పకూడదు. మోనోసైట్స్ అనే తెల్లకణాలు నెలల తరబడి ఎక్కువుంటే సీఎంఎంఎల్ అనే రక్త క్యాన్సర్ అనుమానించాలి, అందులో టెట్2, ఎస్ఆర్ఎస్ఎఫ్2, ఏఎస్ఎక్స్ఎల్1 జీన్‌లలో మార్పులు మామూలు, కణాలు మరీ పెరిగే రకానికి హైడ్రాక్సీయూరియా, బ్లాస్ట్‌లు (ఎదగని పసి కణాలు) పెరుగుతుంటే అజాసైటిడిన్, నెలకి ఏడు రోజులు ఇంజెక్షన్. ఈ గుంపు వాళ్ళు మటుకు ఎన్‌జీఎస్ డబ్బులు మిగుల్చుకోవాలని చూడొద్దు, ఇక్కడ జబ్బు పేరు చెప్పేదే ఆ ప్యానెల్, బోన్ మ్యారో కలిపి.

ఎక్కడ చూపించుకోవాలి

మా అనుభవంలో దీన్ని రెండుగా విడగొట్టుకోవడం మంచిది. పేరు తేల్చుకోవడం ఒకటి, రోజువారీ నడపడం ఇంకొకటి. పేరు తేల్చేటప్పుడు హెమటాలజిస్ట్ కావాలి, అన్ని క్యాన్సర్లూ చూసే డాక్టర్ కంటే రక్తం జబ్బులే చూసేవాళ్ళు, విజయవాడలో ఉన్నారు, మంగళగిరి ఎయిమ్స్ ఉంది, అనుమానం తీరకపోతే బోన్ మ్యారో స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకుని హైదరాబాద్ నిమ్స్‌కో వేలూరు సీఎంసీకో వెళ్ళొచ్చు, మనిషికి మళ్ళీ సూది పొడవక్కర్లేదు, స్లైడ్లు ఇవ్వమని అడగడం మన హక్కే. వేలూరులో 1986 నుంచి ట్రాన్స్‌ప్లాంట్లు చేస్తున్నారు, ఎంఎఫ్ వాళ్ళు ఒక్కసారైనా అలాంటి చోట మాట్లాడి రావాలి. కానీ నెలనెలా సీబీపీకి, రక్తం తీయించడానికి, అజాసైటిడిన్ సూదులకి అంత దూరం తిరగడం అనవసరం, మనిషి అలిసిపోతాడు, తోడు వెళ్ళినవాడి ఉద్యోగం పోతుంది. అవి గుంటూరులోనో విజయవాడలోనో చేయించుకుని రిపోర్టులు పంపిస్తే చాలు. ఎన్టీఆర్ వైద్య సేవలో మీ జబ్బుకి ఏ ప్యాకేజీ వస్తుంది, ఏ బిళ్ళ వస్తుంది అనేది ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని మందు మొదలుపెట్టక ముందే అడగాలి, ముందు కొనేసి తర్వాత బిల్లు పట్టుకెళ్తే కుదరదు. ట్రాన్స్‌ప్లాంట్ అయితే సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్ఓసీ (ఖర్చుకి ముందే ఇచ్చే హామీ లెటర్) కోసం ఆస్పత్రి ఎస్టిమేట్ లెటర్ కావాలి, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా వెళ్ళాలి, దానికి వారాలు పడుతుంది, అడ్మిషన్ డేటు వచ్చాక పరిగెడితే లాభం లేదు.

మాస్టారు ట్రాన్స్‌ప్లాంట్ అయ్యి ఏడాదిన్నర, తమ్ముడి కణాలు ఆయన చర్మం మీద దాడి చేసే తగువు ఇంకా ఉంది, స్టెరాయిడ్ తగ్గిస్తున్నారు. నాన్న పీసీవీ మొన్న 43.6. పటమట అమ్మాయి ఇప్పుడు కడుపుతో ఉంది, నాలుగో నెల, ప్లేట్‌లెట్స్ 12 లక్షలు దాటి ముక్కులోంచి రక్తం వస్తే ఆస్పిరిన్ ఆపి పెగ్ ఇంటర్‌ఫెరాన్ పెట్టారు. వాళ్ళత్తగారి ఊరు బాపట్ల దగ్గర, అక్కడ దొరకదు, విజయవాడ నుంచి బస్సులో తీసుకెళ్ళాలి, మే నెల ఎండ. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అలాగని గడ్డ కట్టకూడదు. నిన్న ఫోన్ చేసి అడిగింది ఎలాగండీ అని. టీకాల డబ్బా లాంటి చిన్న ఐస్ బాక్స్ కొనుక్కోమన్నాను, జెల్ ప్యాకులు ఫ్రీజర్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టి, మందు పెట్టెకి ఒక తువ్వాలు చుట్టి, ప్యాకు నేరుగా తగలకుండా. బస్సు తెల్లవారుజామున ఎక్కమన్నాను.